మా ఊరి చెరువులో కొర్రమీను



చేపలు మొప్పలతో శ్వాసిస్తాయి అని మన సైన్సు పాఠంలో చదువుకున్నాము. కానీ మా చెరువులోని కొర్రమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు. మా తాత చెప్పినవి, సైన్సు సార్ చెప్పినవి కలిపి రాస్తున్నాను.

కొర్రమీను ఎలా ఉంటుంది?
దీనిని కొర్రమట్ట అని కూడా అంటారు. తల పాము తల లాగా ఉంటుంది. వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. కప్పలను, చిన్న చేపలను, పురుగులను తింటుంది. శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. మన తెలంగాణ రాష్ట్ర చేప ఇదే.

గాలి ఎలా పీలుస్తుంది?
దీని తలలో మొప్పల పైన గాలి గది ఉంటుంది. మాటిమాటికి నీళ్ల పైకి వచ్చి గాలి మింగిపోతుంది. పైకి రానీయకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చెరువు ఎండితే తడి బురదలో దూరి బతుకుతుంది. అందుకే సంతలో దీనిని బతికుండగానే అమ్ముతారు.

గాలం వేసే పద్ధతి
జెల్లలకు ఎర్రలు చాలు. కొర్రమీనుకైతే తాత గాలానికి చిన్న కప్పను గుచ్చుతాడు. వెదురు కర్రకు గట్టి దారం కట్టి, గడ్డి పక్కన నీళ్ల మీద కప్పను ఆడిస్తాడు. మాట్లాడొద్దు. మన నీడ నీళ్లలో పడొద్దు.

పిల్లలను కాయడం
వానాకాలంలో ఒడ్డున గడ్డి తీసి గుండ్రంగా చోటు చేసి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీళ్ల మీద తేలుతాయి. పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతాయి. పెద్దది కిందనే ఉండి కాస్తుంది.

నేను చేసిన తప్పు
పోయిన వానాకాలం నాట్లప్పుడు ఇంటికి పోయాను. చెరువులో చాటంత ఎర్ర మచ్చ కదులుతున్నది. పిల్లలున్న చోట పెద్దది ఉంటుందని నాకు తెలుసు. తాతకు చెప్పకుండా గాలం తెచ్చి పిల్లల నడుమ కప్పను ఆడించాను. ఒక్కసారే వచ్చి కొట్టింది. నా మోచేయి పొడుగు ఉన్నది! అమ్మ సంతోషపడి కూర వండింది. తాత మాత్రం ముట్టలేదు. "అది ఆకలికి రాలేదు బిడ్డా, పిల్లల కోసం వచ్చింది" అన్నాడు.

తెల్లారి పోయి చూస్తే మచ్చ సగమే ఉన్నది. కొంగ ఒకటి పొడుచుకుని తింటున్నది. రాయి విసిరి తరిమాను. మళ్లీ వచ్చింది. మూడో రోజు ఏమీ లేదు.

నేను పట్టింది తల్లి అనుకున్నాను. తండ్రి చేప కూడా పిల్లలను కాస్తుందని తర్వాత సార్ చెప్పారు. అది తల్లో తండ్రో ఇప్పటికీ నాకు తెలియదు. మా తాత బడికి పోలేదు, కానీ కాసే చేపను పట్టొద్దని ఆయనకు ముందే తెలుసు.

మనం చేయవలసినవి
1. ఎర్ర పిల్లల గుంపు ఉన్న చోట గాలం, వల వేయొద్దు.
2. పిల్లలు పెరిగి విడిపోయాక పట్టుకోవచ్చు.
3. నీళ్లలో మందు కలపొద్దు. పిల్ల, పెద్ద అన్నీ చస్తాయి. ఆ నీళ్లే పశువులు తాగుతాయి.

దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ తమ్ముళ్లకు ఈ సంగతి చెప్పండి. మా తమ్మునికి నేను చెప్పాను.

— 9వ తరగతి విద్యార్థిని