తొలకరితో లేచే బటర్‌కప్

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అక్టోబరు మూడో వారం. వాన ఇంకా పడలేదు. పెద్దమ్మ పెరటి బల్ల మీద పాత పేపరు పరిచి, కాలిఫోర్నియా బటర్‌కప్ అనే పూలమొక్క గింజలు పోస్తుంది. ఒక్కొక్కటి 2, 3 మిల్లీమీటర్లు. బల్లపరుపుగా, గోధుమరంగులో, కొసన వంకర ముక్కుతో ఉంటాయి. నిజానికి ఇవి ఎండు కాయలు. ఒక్కో దాంట్లో ఒకటే విత్తనం. వృక్షశాస్త్రంలో వీటిని ఎకీన్ అంటారు. స్థానిక మొక్కలు అమ్మే నర్సరీలో పొట్లం 5 డాలర్లకు కొన్నాం. ఇక్కడి ఆదివాసులు ఒకప్పుడు వీటిని వేయించి, పిండి విసురుకుని తినేవారు. వేడి తగిలితేనే ఘాటు పోతుంది.

తర్వాత మట్టి. పెరటి మట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన ఆకు ఎరువు ఒక పాలు. ఆవిడది గుంటూరు పల్లెలో ఏళ్లతరబడి మిరప నారు పోసిన చెయ్యి. కలిపిన మట్టిని గుప్పెట్లో పిడిచి చూస్తుంది. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అదే పదును. నాకు మూడుసార్లూ కుదరలేదు, ఆవిడకు మొదటిసారే కుదిరింది.

పది సెంటీమీటర్ల కుండీలు ఎనిమిది. ఒక్కోదాంట్లో ఆరేసి గింజలు చల్లి, పైన 3 మిల్లీమీటర్ల మట్టి జల్లిస్తుంది. అంతకంటే లోతుకు పోనివ్వదు. కుండీలు ఇంట్లోకి రావు, గోడవార ఆరుబయటే ఉంటాయి. గింజ రాలేనాటికి లోపలి పిండం చాలా చిన్నది. చలీ తేమా కలిసి కొన్ని వారాలు సాగితేనే అది ఎదుగుతుంది. ఇక్కడి తొలకరి మన తెలుగునాట వానలు వెనకబట్టాక వస్తుంది, నవంబరులో. దాంతోపాటే చలీ మొదలవుతుంది. ఈ గింజ కోరేది ఆ చలినే.

నాలుగో వారంలో మొలకలు ఒక్కొక్కటే తలెత్తుతాయి. మొదటి రెండాకులు కోలగా, తర్వాతివి మూడు చీలికలుగా ఉంటాయి. నత్తలు వీటికోసమే కాచుకుని ఉంటాయి. పెద్దమ్మ రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని ఏరేస్తుంది. నలభై ఎనిమిది గింజల్లో ముప్పై ఒకటి దక్కాయి.

జనవరి చివర నాటు. చేతికి తొడుగులు తప్పనిసరి, పచ్చి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పెరటి ఓక్ చెట్టు వారన, జానెడు దాటి ఎడంతో నాటుతుంది. చోటు ఎంచిన తీరు చూడండి: ఆ ఓక్‌కు వేసవి తడి పడదు, ఈ మొక్కకూ పడదు.

మే నెలాఖరుకు ఆకులు పసుపెక్కి మాడిపోతాయి. నేను నీళ్ల గొట్టం అందుకున్నాను. "నిద్రపోతోందిరా, నీళ్లు పోసి లేపకు" అంది పెద్దమ్మ. వేసవిలో మట్టి పైన ఏమీ మిగలదు, కింద కండగల వేళ్లు బతికే ఉంటాయి. అప్పుడు తడిపితే అవి కుళ్లుతాయి. మొత్తం పెంపకంలో కష్టమైన పని ఇదే, అయిదు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడం.

రెండో తొలకరికి చిగుర్లు లేస్తాయి. ఫిబ్రవరిలో అడుగెత్తు కాడల మీద పసుపు పూలు. బటర్‌కప్ జాతుల్లో చాలావాటికి అయిదు రేకులే, దీనికి సాధారణంగా 9 నుంచి 17. రేకు పైపొర అద్దంలా నునుపు. దాని కింద గాలి పొర, ఇంకా కింద పిండి పదార్థం నిండిన తెల్లటి పొర. వెలుతురు వాటి మీద పడి వెనక్కి తిరగడం వల్లే నూనె రాసినట్టుండే ఆ మెరుపు.

పూలు రాలాక, గింజలు గోధుమరంగుకు తిరగ్గానే పెద్దమ్మ కాగితం సంచి కట్టి దులుపుకుంటుంది. సంచులు, నర్సరీ పొట్లం, కుండీలు, ఇసుక కలిపి మాకైన ఖర్చు 22 డాలర్లు.

వసంతంలో ఇక్కడి మిషన్ పీక్ కొండ ఎక్కే తెలుగువాళ్లకు ఒక్క మాట. అక్కడి బటర్‌కప్ పూలను కోయకండి, మొక్కను పెకలించకండి. గింజలు నర్సరీలో దొరుకుతాయి. అక్టోబరులో చల్లండి.