ప్రశ్నలు - జవాబులు: తీగ బయటి వీధి మీద ఎం.ఏ.

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో తార్‌బహార్ అనే వీధి నుంచి ఒక రైల్వే ఉద్యోగి రాశారు. కూతురు బి.ఏ. పూర్తి చేసింది, ఎం.ఏ. సోషియాలజీ చదువుతానని పట్టుబట్టింది. ఎక్కడా సీటు రానివాళ్లు చదివే చదువు అదని ఆయన నమ్మకం. రైల్వే పరీక్షలకు కూర్చోమంటే వినడం లేదట. ఈ శీర్షికైనా ఆమెకు నచ్చజెప్పాలని ఆయన కోరిక.

జవాబు: నచ్చజెప్పవలసింది అమ్మాయికి కాదు. ఇదే ఉత్తరం ఊరూ పేరూ మార్చుకుని చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ అందులో ఆ ‘ఎక్కడా సీటు రానివాళ్లు’ అన్న మాట ఉంటుంది. ఇంట్లో రోజూ ఆ మాట వినే పిల్ల, ఇష్టపడి ఎంచుకున్న పుస్తకాన్ని కూడా తప్పు చేసినట్టు తెరుస్తుంది. ఆ తండ్రి ముందుగా మానవలసింది ఆ మాట.

ఉద్యోగం సంగతి దాచనక్కర్లేదు. ఎం.ఏ. పట్టా చేతికొచ్చిందని ఎవరూ పిలిచి కుర్చీ వెయ్యరు. దారులు మాత్రం ఉన్నాయి. సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీని ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లకు కలిపి 500 మార్కులు. ఎం.ఏ.లో 55 శాతం వస్తే యు.జి.సి. నెట్ రాయవచ్చు; ఎస్సీ, ఎస్టీలకూ క్రీమీలేయర్ కిందికి రాని బీసీలకూ 50 శాతం చాలు. అందులో జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేస్తూనే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. 2023 నుంచి అమల్లో ఉన్న మొత్తం ఇది.

పరీక్షల దారి ఒక్కటే కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ పథకం మొదలైంది. ఊరి ఆడవాళ్లే ఊరి ఆరోగ్యం కనిపెట్టి చూసే ఆ పద్ధతి, 2005లో మొదలైన ఆశా కార్యకర్తల పథకానికి ఒక నమూనా అయింది. అలాంటి పథకం ఏ గడపదాకా వెళ్లింది, ఏ గడప ముందు ఆగింది, ఎందుకు ఆగింది? ఇల్లిల్లూ తిరిగి ఆ సంగతి తేల్చడానికి, అడగడం వచ్చినవాళ్లు, విన్నది విన్నట్టు రాయడం వచ్చినవాళ్లు కావాలి. సోషియాలజీ ఎం.ఏ. సరిగ్గా చదివితే వచ్చే విద్య అదే. రైల్వే పరీక్ష కూడా రాయనీ. రెండు పడవల మీద కాళ్లని భయపడేంత పని కాదది.

ప్రశ్న: ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద పనిచేస్తున్న బిలాస్‌పూర్ యువకుడు. కాలేజీకి వెళ్లే వీలు లేదు. ఓపెన్ యూనివర్సిటీ ఎం.ఏ. చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. ఇగ్నో అయినా, బిలాస్‌పూర్‌లోనే 2005లో ఏర్పడిన పండిత్ సుందర్‌లాల్ శర్మ ఓపెన్ యూనివర్సిటీ అయినా, చేరే కోర్సు ఆ ఏడాది యు.జి.సి. అనుమతి జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

ప్రశ్న: తార్‌బహార్ అమ్మాయే, మరో ఇంటి పిల్ల. ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్. డిసర్టేషన్‌కి విషయం కుదరడం లేదు. ‘ప్రపంచీకరణ - భారతీయ సమాజం’ అనుకుంటోంది, ఎందుకంటే బజారులో దొరికే కుంజీ (గైడు)లో అది తయారుగా ఉంది. చివర్లో అడిగింది: “మా తార్‌బహార్‌లో రాయడానికి ఏముంది?”

జవాబు: ఈ ఉత్తరంలో మాటలు తెలుగువి, అక్షరాలు హిందీవి. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ అయిన పిల్ల రాసింది. తమ ఊరు శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె అని చెప్పుకుంది. ఆ పల్లెను చూసింది మాత్రం రెండేసార్లు. పుట్టి పెరిగిన చోటును ఉత్తరం మొత్తంలో ఎక్కడా ‘మా ఊరు’ అనలేదు. రాయడానికి ఏముందని అడుగుతూనే ఒక అధ్యాయానికి సరిపడా సరుకు పోస్టు చేసింది ఆ అమ్మాయి.

పేరుతోనే మొదలుపెట్టవచ్చు. తార్ అంటే తీగ, బాహర్ అంటే బయట. రైల్వే క్వార్టర్లకూ బయటి బస్తీకీ మధ్య గీత పేరులోనే ఉంది. తీగ లోపల ఎవరు, బయట ఎవరు? రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన తెలుగు కుటుంబం సొంత పల్లెకు తిరిగి వెళ్లిందా, తీగ దాటి ఇటు ఇల్లు కట్టుకుందా? తండ్రిది పక్కా నౌకరీ, కొడుకుది ఠేకేదారు కింద కూలి అయిన ఇంట్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు ఏ సంగతి గట్టిగా చెబుతారు, ఏది నెమ్మదిగా చెబుతారు? ఏ కుంజీలోనూ వీటికి జవాబు లేదు.

వెనకటి చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1891కల్లా దాని లైను బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ చేరింది. విజయనగరం - రాయ్‌పూర్ మార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర మనుషులు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా ఆ పట్టాల వెంట వచ్చారు. ఆ కంపెనీ కార్మికులు 1927లో ఖరగ్‌పూర్‌లో చేసిన సమ్మెకు ముందు నిలిచినవారిలో వి.వి. గిరి ఒకరు, బరంపురం తెలుగు ఇంట పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయినవారు. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ముఖ్య కేంద్రమైంది. ఇంతటి కథ నడిచిన వీధిలో ఉంటూ ‘ఏముంది’ అనడం పుస్తకాలు నేర్పిన గుడ్డితనం. తప్పు ఆ పిల్లది కాదు. పెద్ద విషయం ఎక్కడో దూరాన ఉంటుందని ఆమెకు నమ్మకంగా చెప్పినవాళ్లది.

దగ్గరి విషయం చిన్నది కాదని చూపినవారు ఉన్నారు. ఇప్పటి మధ్యప్రదేశ్‌లో పుట్టిన సమాజ పరిశోధకుడు శ్యామాచరణ్ దూబే మొదట ఛత్తీస్‌గఢ్‌లోని కమార్ గిరిజనుల మధ్య పనిచేశారు. ఆ పని మీద రాసిన పుస్తకం 1951లో వచ్చింది. తర్వాత ఉస్మానియాలో పాఠాలు చెబుతూ, హైదరాబాద్‌కు దగ్గరలోని షామీర్‌పేటను ఎంచుకున్నారు. ఎవరి పొలం ఎవరు దున్నుతారు, ఏ కులం ఏ పని చేస్తుంది, అత్తాకోడళ్లు ఎలా ఉంటారు, ఏ పండగ ఎలా జరుగుతుంది - ఇవే ఆయన విషయాలు. 1955లో అచ్చయిన ‘ఇండియన్ విలేజ్’ను ఇప్పటికీ తరగతి గదుల్లో చదువుతున్నారు. ఆయన భార్య లీలా దూబే గోండు స్త్రీల మీద పరిశోధన చేసి, తర్వాత లక్షద్వీప్‌లో తల్లి వైపు నుంచి నడిచే వంశాల గురించి రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో పని నేర్చిన మనిషి తెలుగు పల్లెను లోకానికి చూపించారు. ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగు వీధిని చూపించే అవకాశం ఇప్పుడు ఈ అమ్మాయి చేతిలో ఉంది.

ఇలాంటి ఊళ్ల మీద పని జరగలేదా అంటే జరిగింది. రాయ్‌పూర్ దాటాక వచ్చే భిలాయ్‌కి లండన్ నుంచి జొనాథన్ ప్యారీ అనే పరిశోధకుడు 1993 నుంచి వస్తూ పోతూ ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో పక్కా కార్మికుడూ ఠేకా కూలీ పక్కపక్కనే పనిచేసినా, వాళ్లవి రెండు వేర్వేరు వర్గాల బతుకులని ఆయన 2020 నాటి పుస్తకం వాదిస్తుంది. అందుకు ఆయన పట్టుకున్న మాటలు రెండూ కార్మికుల నోటివే: నౌకరీ (పక్కా ఉద్యోగం), కామ్ (కూలి పని). ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల మీద లారా బేర్ రాసిన పుస్తకం 2007లో వచ్చింది. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని విన్న సంగతులు తార్‌బహార్ అమ్మాయికి నీళ్ల ట్యాంకర్ దగ్గర వరసలో వినిపిస్తాయి.

ఆ చనువులోనే ప్రమాదం కూడా ఉంది. మనవాళ్లే కదా అని అడగవలసింది అడగకుండా దాటేస్తారు. వీధి చివరి ఇంట్లో తాను ఇన్నేళ్లుగా ఎందుకు మంచినీళ్లు తాగలేదో ఆ అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంటే, కులం మీద చదివిన పాఠం మొదటిసారి అర్థమవుతుంది. రాయడానికి చెయ్యి ఆడకపోతే, అది రాయవలసిన చోటే అని గుర్తు.

ఎం.ఏ. స్థాయికి 30 ఇళ్లు చాలు, తీగకు ఇటు సగం, అటు సగం. మొదటి రోజే ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లకూడదు. ఎందుకు అడుగుతున్నదీ ముందే చెప్పాలి, వద్దన్నవాళ్లను వదిలెయ్యాలి, రాతలో పేర్లు మార్చాలి. మామ్మలతో తెలుగులోనే మాట్లాడాలి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోవాలి, హిందీ అక్షరాలైనా ఫర్వాలేదు. ఆ రోజు విన్నది ఆ రాత్రే రాయాలి, నకలు ఇంకోచోట ఉంచాలి. సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో సేకరించిన సమాచారాన్ని క్రమంలో పెట్టుకుంటే, ఆ నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గదికి ఎవరో పెట్టిన నిప్పులో కాలిపోయాయి. ఆయన చాలావరకు జ్ఞాపకం మీదే ఆధారపడి రాసిన పుస్తకం ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. స్వయంగా ఊరు తిరిగి చూసిన మనిషి గనుక కాలిపోయాక కూడా రాయగలిగారు. కుంజీ చూసి ఎక్కించుకున్నవాళ్లకు గుర్తు చేసుకోవడానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: హిందీ మీడియం విద్యార్థి. ఇంగ్లిష్ పుస్తకాలు కొరుకుడు పడడం లేదు. చదువు మానెయ్యాలా?

జవాబు: మానడం దేనికి? పైన చెప్పిన దూబే హిందీలో కూడా రాశారు; ‘మానవ్ ఔర్ సంస్కృతి’తో మొదలుపెడితే చాలు. రోజుకు ఒక పేజీ ఇంగ్లిష్ చదివి, అర్థమైనంత సొంత మాటల్లో రాసుకోవాలి.

ప్రశ్న: రైల్వే క్వార్టర్ల గృహిణి, వయసు 46. ఇప్పుడు ఎం.ఏ. చదివితే నవ్వుతారేమో?

జవాబు: ఓపెన్ యూనివర్సిటీలో చేరడానికి గానీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం నెట్ రాయడానికి గానీ పై వయసు పరిమితి లేదు, వెంటనే చేరాలి.

ప్రశ్న: రిటైరైన గ్యాంగ్‌మన్. కాలేజీ పిల్లలు ఇంటికొచ్చి పాత సంగతులు అడుగుతున్నారు. చెప్పాలా, వద్దా? చెబితే పెన్షన్‌కి ఏమైనా అడ్డమా?

జవాబు: పాత రోజుల కబుర్లు చెబితే పెన్షన్‌కి ఏ అడ్డమూ రాదు. నిండుగా చెప్పాలి. ఎండలో పట్టాల పని, మొదటి జీతం, క్వార్టరు దొరికిన రోజు, ఊరి నుంచి వెంట తెచ్చుకున్న తమ్ముళ్లు, వానలో లైను గస్తీ - ఆ పిల్లలకు ఇంకెవరు చెబుతారు? చెప్పకూడదనుకున్నది చెప్పకుండా ఉండే హక్కు ఆయనకుంది. పేరు రాయవద్దని ముందే అనాలి. రాసింది తెచ్చి చదివి వినిపించమని అడగాలి, వినిపించకపోతే రెండోసారి రానివ్వనక్కర్లేదు. పాత డ్యూటీ పాసులు, జీతం చీటీలు పెట్టెలో ఉంటే చూపించి ఫోటో తీసుకోనివ్వాలి. కాగితాలు మాత్రం చేతికివ్వకుండా మళ్లీ పెట్టెలో పెట్టుకోవాలి.