పలక, తాటాకు, శుద్ధప్రతి

చిరంజీవి మనుమరాలికి,

విద్యా పునరుద్ధరణ అనే మాట వినడానికి రాజశాసనంలా గంభీరంగా ఉన్నా, విప్పి చూస్తే అందులో ఎక్కువ పాలు నకలు రాసే పనే. ఆల్క్విన్ కథే ఇందుకు సాక్ష్యం. ఇంగ్లండులోని యార్క్‌లో చదివి అక్కడే పాఠాలు చెప్పిన ఆల్క్విన్ ఆంగ్లో-శాక్సన్ పండితుడు, అంటే ఐరోపా ఖండపు జర్మానిక్ తెగలు వలస వచ్చి ఇంగ్లండులో స్థిరపడగా ఏర్పడిన ప్రజలలోని వాడు. ఆయన 781లో ఇటలీలోని పార్మాలో ఫ్రాంకుల రాజు షార్లమేన్‌ను కలిసి, తరువాత ఆ కొలువులో చదువుల బాధ్యత వహించి, 796 నుంచి 804లో మరణించే వరకు టూర్ మఠానికి అధిపతిగా ఉండి, లేఖకుల తప్పులతో నిండిన బైబిలు ప్రతులను సవరింపజేశాడు. కరోలింజియన్ మినస్క్యూల్ అనే గుండ్రని, విడివిడి అక్షరాల లిపిని ఆయనే కనిపెట్టాడని కొందరు రాస్తారు గానీ, ఆ లిపి అంతకు ముందే కోర్బీ వంటి మఠాల్లో రూపు కట్టింది. టూర్ లేఖకులు దానికి మెరుగు పెట్టారు. ఘనతను ఒక్కరి తలకే చుట్టడం చరిత్రకారులకు పాత అలవాటు.

తెలుగునాట ఆల్క్విన్‌తో పోల్చదగినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన నాటికి మార్కాపురం, కంభం ప్రాంతాలు కడప జిల్లాలోనివే. 1858లో అవి కర్నూలుకూ, 1970లో ఒంగోలు జిల్లాకూ మారినా, ఈ సీమవారు బ్రౌన్‌ను పొరుగువాడిగా తలచడం పొరపాటు. 1824లో ఫ్రెంచి మతబోధకుడు దుబ్వా పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి పద్యాల వేటలో పడిన బ్రౌన్, 1829లో 693 పద్యాలను అచ్చు వేయించి, మరిన్ని ప్రతులు చేతికి అందాక 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచాడు. అంటే పదేళ్ల కిందటి తన పుస్తకం చాలదని తానే అచ్చులో ఒప్పుకున్నాడన్నమాట.

ఆయన పద్ధతి ఏమంటే, ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల నుంచి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, పాఠభేదాలు, అనగా ప్రతికీ ప్రతికీ మారే మాటలు, గుర్తింపజేసి, చివరకు కాగితంపై శుద్ధప్రతి రాయించడం. కడపలో జనం బ్రౌన్ కాలేజీ అని పిలిచిన బంగళాలో ఈ పని సాగింది; పండితుల జీతాలు ఆయన సొంత సొమ్ములోంచి పోగా అప్పులు మిగిలాయి. నిఘంటువు అనగానే బ్రౌన్ పేరొక్కటే నాలుక మీదికి వస్తుంది గానీ, మనుచరిత్రకు టీక, అంటే పదపదానికీ అర్థ వివరణ, రాసిన జూలూరి అప్పయ్య, ఆయనతోపాటు శ్రమించిన వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివారు లేనిదే ఆ బంగళా ఖాళీ ఇల్లు.

ఇదంతా ఎందుకంటే, గిద్దలూరు ఇంటి అటక మీద దొరికిన తాటాకుల కట్టను ఫోనుతో ఫొటోలు తీసి, చదివినంత మేరకు వెంటనే అచ్చుకిచ్చేందుకు మనుమరాలు ఉబలాటపడుతున్నదని తెలిసింది. ఉబలాటం మంచిదే, తొందరే చేటు. గంటంతో గీసిన గీతకు రంగు ఉండదు. ఆకు పసరులో కలిపిన మసి పూసి, గుడ్డతో మెల్లగా తుడిస్తే, నలుపు గీతలో నిలిచి అక్షరం పైకి తేలుతుంది. అలా తేలినా చిక్కు తీరదు, ఎందుకంటే పాత లేఖకులు మాటకూ మాటకూ మధ్య ఎడం విడువలేదు, పద్యపాదాలను విరవలేదు, చాలా ప్రతుల్లో ఎత్వ ఏత్వాలకు భేదం చూపలేదు. ఇక్కడ మార్కాపురం పలకల పనివాడే గురువు. గనిలోంచి తీసిన రాతిని అతను పగలగొట్టడు. అంచున పొర ఎక్కడున్నదో కనిపెట్టి, అక్కడే సన్నని ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే, రాయి దానంతట అదే పలకగా విడుతుంది. పొర తప్పితే చేతికి వచ్చేది రాతిపెచ్చులే. కలిసిపోయిన పంక్తిని పదాలుగా విరవడమూ అంతే.

ఒక్క ప్రతిని నమ్మి ఏ మాటా దిద్దరాదు. అర్థం కాని మాటను ఉన్నది ఉన్నట్టే రాసి, ఊహను అంచున వేరుగా ఉంచాలి. ఆకుల వరుస చెప్పే పెద్దవారి పేరు, చదివి పెట్టే పంతులుగారి పేరు తొలి పుటలోనే ఉండాలి. ముందుగా కట్టలో ఎన్ని ఆకులున్నవో, ఏ అంకెలు లోపించినవో, చిల్లుల్లోని దారం ఏ స్థితిలో ఉన్నదో రాసి పంపితే, రెండో ప్రతి కోసం కంభం వైపు పాత ఇళ్లలో వెతకడం మొదలవుతుంది.

ఇట్లు,
తాతగారు