వాచీలో అంకె పడిపోతే గుండెకు ముప్పా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. స్మార్ట్‌వాచ్‌లో హార్ట్ రేట్ వేరియబిలిటీ ఒకరోజు 70, మరోరోజు 35 చూపిస్తోంది. గుండెజబ్బుకు సూచనా డాక్టర్ గారూ?

జవాబు: ఆ అంకె చూసి బెంగపడకండమ్మా. గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో మారుతుండటమే వేరియబిలిటీ. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఈ వయసులో అది ఆరోగ్య లక్షణమే. నిద్ర చాలకపోయినా, జ్వరమొచ్చినా, పరీక్షల ఒత్తిడి ఉన్నా అంకె పడిపోతుంది. పైగా వాచీ మణికట్టు దగ్గరి రక్తప్రవాహాన్ని కాంతితో పసిగడుతుంది. చెయ్యి కదిలితే లెక్క తప్పుతుంది. నమ్మదగిన కొలతకు కదలకుండా పడుకోబెట్టి 5 నిమిషాల ఈసీజీ తీయాలి. ఊబకాయమున్న పిల్లల్లో వేరియబిలిటీ తగ్గుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఆ ఒక్క కొలతతో మీ అబ్బాయి భవిష్యత్తు తేల్చలేం.

నేనైతే ముందు బీపీ చూస్తాను. 13 ఏళ్లు దాటినవారికి అది 120/80 లోపు ఉండాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 130/80 లేదా ఆపైన వస్తుంటే అశ్రద్ధ చేయొద్దు. ఆడుతుండగా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, వాచీ ఏం చూపించినా సరే, పిల్లల గుండె నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.