కొండతేనె: ఎవరికి మేలు, ఎవరికి ముప్పు?

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో మారేడుమిల్లి వస్తుంది. అక్కడ రోడ్డు పక్క కొట్ల ముందు సీసాల్లో తేనె వరసగా పెట్టి ఉంటుంది. ఒకటి బంగారు రంగులో ఉంటే, పక్కది దాదాపు నల్లగా ఉంటుంది. తేనె రంగు పువ్వును బట్టి మారుతుంది కనుక, నల్లగా ఉన్నంత మాత్రాన చెడిందనుకోవద్దు.

ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి అలాంటి సీసా ఒకటి బడికి తెచ్చింది. వాళ్లింట్లో చెల్లెలు పుట్టి పదకొండు రోజులయింది. "మాస్టారూ! మా నాయనమ్మ పాపకు కొండతేనె నాకిస్తానంటోంది. మంచిదే కదండీ?" అని అడిగింది. "వద్దమ్మా" అన్నాను. ఎందుకు వద్దో తెలియాలంటే, ముందు తేనె అంటే ఏమిటో తెలియాలి.

పువ్వులోని మకరందం నీళ్లలాంటి తీపి ద్రవం. ఈగ దాన్ని తన తేనె సంచిలో మోసుకువస్తుంది. ఆ ప్రయాణంలోనూ, పట్టుకు చేరిన తర్వాతా ఈగల లాలాజలంలోని ఎంజైములు అందులోని చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడతాయి. తర్వాత ఈగలు రెక్కలతో విసిరి విసిరి నీటిని ఆవిరి చేస్తాయి. చివరకు 100 గ్రాముల తేనెలో సుమారు 80 గ్రాములు చక్కెరలు, 20 గ్రాముల లోపు నీరు మిగులుతాయి. మిగతా ఖనిజాలు, విటమిన్లు అన్నీ అతి స్వల్పం.

మరి తేనె ఏళ్ల తరబడి ఎందుకు పాడవదు? మీ అమ్మ పెట్టిన ఆవకాయ ఎందుకు పాడవదో ఆలోచించండి. అక్కడ ఉప్పు చేసే పనినే ఇక్కడ చక్కెర చేస్తుంది. తేనెలో పడిన సూక్ష్మజీవి కణంలోని నీరు ద్రవాభిసరణ వల్ల బయటకు పోతుంది. దానికి తోడు తేనె ఆమ్ల గుణం కలది. కొంచెం నీరు తగిలితే అందులోని ఒక ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడును కూడా తయారుచేస్తుంది. అందుకే కొన్ని ఆసుపత్రులలో పుండ్లకు తేనె వాడతారు. అయితే అది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. కొట్లో కొన్న సీసాలోది గాయం మీద పోయకండి.

దగ్గుకు తేనె మంచిదనే మన పెద్దల మాటలో నిజముంది. 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా మామూలు దగ్గుకు ముందుగా తేనె వాడి చూడమన్నాయి. అలాగని తేనె అమృతమేమీ కాదు. మధుమేహం ఉన్నవారు "ఇది చక్కెర కాదుగా" అని చెంచాలు చెంచాలు తింటుంటే నాకు భయం వేస్తుంది. అదీ చక్కెరే. పైగా తేనె బరువు ఎక్కువ కాబట్టి, చెంచాడు పంచదారలో కంటే చెంచాడు తేనెలోనే కేలరీలు ఎక్కువ.

ఇక పాప సంగతి. మట్టిలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు ఉంటాయి. గట్టి పెంకులో నిద్రపోతున్న విత్తనాల్లాంటివి అవి. దుమ్ముతోనో, పువ్వులతోనో కొన్నిసార్లు తేనెలోకి చేరతాయి. తేనె వాటిని మొలకెత్తనివ్వదు, కానీ చంపనూ లేదు. మనం తింటే మన పేగుల్లో స్థిరపడిన మేలుచేసే బాక్టీరియా వాటిని ఎదగనివ్వవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో ఆ కాపలా ఇంకా ఏర్పడి ఉండదు. అక్కడ అవి మొలకెత్తి, నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపివేసే విషాన్ని విడుదల చేస్తాయి. ముందు మలబద్ధకం వస్తుంది. తర్వాత ఏడుపు నీరసిస్తుంది, పాలు చప్పరించలేదు, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. చివరకు ఊపిరి తీసే కండరాలే ఆగిపోవచ్చు. ఈ వ్యాధిని వైద్యులు 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించారు. ఇది అరుదైనదే. కాని ఏ సీసాలో సిద్ధబీజాలున్నాయో కంటితో చెప్పలేం. మరిగించినా అవి చావవు. ప్రెషర్ కుక్కర్ లాంటి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా వేడి కావాలి. అందువల్ల ఏడాది లోపు బిడ్డకు ఒక్క చుక్క కూడా నాకించకూడదు. పై లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లి ఈ మాట చెప్పాను. "మా పిల్లలందరికీ నాకించాను, ఏమైంది?" అంది నాయనమ్మ. న్యాయమైన ప్రశ్నే. "అన్ని సీసాల్లోనూ ఉండవమ్మా. ఉన్న సీసా ఏదో నాకూ తెలియదు, మీకూ తెలియదు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, సీసాను అటక మీద పెట్టించింది.

ఆ సీసాలోది కొండ ఈగల తేనె. ఈ ఈగలను పెట్టెల్లో పెంచలేం. ఎత్తైన బండలకూ, మానుల కొమ్మలకూ ఒకే పెద్ద పట్టు వేలాడదీస్తాయి. గిరిజనులు రాత్రివేళ పొగపెట్టి, ప్రాణాలకు తెగించి పట్టు కోస్తారు. పట్టులో తేనె ఉండే భాగం వేరు, పిల్లలుండే భాగం వేరు. తేనె భాగం మాత్రమే కోస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. అంతా కోసి పిండితే పట్టు పోతుంది. పురుగుల రసం, పుప్పొడి కలిసి తేనె కూడా త్వరగా పులుస్తుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ తేనెను గిరిజనుల దగ్గర కొని, శుద్ధి చేసి అమ్ముతుంది.

కల్తీ కనిపెట్టడానికి నీళ్లలో చుక్క వేయడం, ఒత్తి ముంచి వెలిగించడం లాంటివి చేస్తుంటారు. చిక్కటి పాకం కూడా ఈ పరీక్షల్లో నెగ్గుతుంది. మీరు చేయదగ్గది ఒకటుంది: అర లీటరు నీళ్లు పట్టే సీసాలో తేనె నింపి తూచండి. తేనె ఒక్కటే సుమారు 700 గ్రాములు తూగాలి. బాగా తగ్గితే నీరు కలిసినట్లే. పంచదార పాకం కలిపితే మాత్రం ఈ తూకమూ పట్టుకోలేదు. దానికి ప్రయోగశాల కావాలి. బియ్యంతో చేసిన పాకమైతే కొన్ని ప్రయోగశాల పరీక్షలను కూడా తప్పించుకుంటుందని 2020లో ఢిల్లీలోని ఒక పర్యావరణ సంస్థ బయటపెట్టింది.

రాజాహారం, పుప్పొడి మాత్రలు బలానికని అమ్ముతారు. వాటి గొప్పలకు తగిన రుజువులు లేవు. ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి ప్రమాదం కూడా.

చలికాలంలో తేనె అడుగున పలుకులు కడితే కల్తీ అనుకొని పారబోయకండి. అది గ్లూకోజ్ స్ఫటికీకరణం. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, ఎంజైములు నశిస్తాయి.