బరువు తగ్గడం లేదని నిరుత్సాహపడుతున్నారా?

“డాక్టరుగారూ, రాత్రి అన్నం మానేసి రెండు నెలలైంది. రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక నావల్ల కాదు.” మన ఆసుపత్రి షుగరు క్లినిక్కులో ఈ మాట వినని వారం ఉండదు. ఇలా అన్నవారిలో కొందరు మర్నాటినుంచి నడక మానేస్తారు. మరికొందరు క్లినిక్కుకు రావడమే మానేస్తారు. ఆ రెండోదే మాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. బరువు తగ్గలేదని డాక్టరు కోప్పడతారేమోనని జంకి షుగరు, బి.పి. పరీక్షలకు కూడా రాకపోతే, తగ్గని ఆ నాలుగు కిలోలకన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఈ నెల పాఠం అలాంటివారికోసమే. బరువు ఎందుకు కదలదో చెప్పేముందు, మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన సంగతి తెలుసుకుందాం.

చెన్నైలో తేలిన విషయం

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్లపాటు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. వీరంతా 35 నుంచి 55 ఏళ్లవారు. అప్పటికి మధుమేహం రాలేదు కానీ, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్షలో షుగరు ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉంది. అంటే గుమ్మం దాకా వచ్చినవారన్నమాట. వీరిని నాలుగు గుంపులు చేశారు. రెండు గుంపులకు మందు కూడా ఇచ్చారు, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. మిగిలిన రెండింటిలో ఒక గుంపుకు మామూలుగా అందరికీ చెప్పే సలహా చెప్పి పంపారు. రెండో గుంపువారికి రోజుకు అరగంట నడక, చక్కెర మానడం, నూనె తగ్గించడం, పీచు ఉన్న ఆహారం తినడం నేర్పి, మధ్యమధ్య గుర్తుచేస్తూ వచ్చారు.

మూడేళ్లకు మొదటి గుంపులో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. అలవాట్లు మార్చుకున్న గుంపులో నూటికి 39 మందికి వచ్చింది. మరి ఈ రెండో గుంపువారు ఎన్ని కిలోలు తగ్గారు? చెప్పుకోదగ్గంత తగ్గలేదు! వారి సగటు బరువు దాదాపుగా మొదట ఉన్నచోటే ఉంది. వారంతా బరువు మిషనునే నమ్ముకుని ఆరు నెలలకే నడక మానేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది ఎలా సాధ్యం? నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండానే లాక్కోగలవు. ఆ మేలు నడక అయిపోగానే పోదు, ఒక రోజు, ఇంకా ఎక్కువ సేపు కూడా నిలుస్తుంది. కాలేయంలోను, పొట్ట లోపల పేగుల చుట్టూను పేరుకున్న కొవ్వు, ఒంటి బరువు కదలకముందే కరగడం మొదలవుతుంది. హాని చేసే కొవ్వు ముఖ్యంగా అదే.

ఇలా చెప్పామని బరువు తగ్గనక్కర్లేదని అనుకోకండి. అమెరికాలో ఇలాగే మధుమేహపు గుమ్మంలో ఉన్నవారిపై చేసి 2002లో ప్రకటించిన పరిశోధనలో, అలవాట్లు మార్చుకుని బరువు కూడా తగ్గినవారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మోకాళ్ల నొప్పులవారికైతే ఒంట్లో ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. బరువు తగ్గితే మంచిదే. తగ్గలేదని మిగతా మేలును పారేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

మిషను పది రోజుల్లో ఏమీ చెప్పలేదు

ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గాలి. మీరు రోజుకు 250 కేలరీలు తగ్గించారనుకోండి. నెలంతా కలిపితే 7,500. అంటే నెలకు కిలో కూడా పూర్తిగా కాదు. అదీ ఒక్కరోజు తప్పకపోతే. ఇక మన ఒంట్లోని నీరు ఏ కారణం లేకుండానే రోజుకు కిలో అటూఇటూ మారుతుంది. పెళ్లి భోజనంలో ఊరగాయ, అప్పడం, బిర్యానీ తిన్న మర్నాడు బరువు కిలో పెరిగితే అది కొవ్వు కాదు, ఉప్పు పట్టి ఉంచిన నీరు. స్త్రీలకు నెలసరి ముందు కూడా ఇలాగే జరుగుతుంది. అందుకే పది రోజులకు కొలిచి దిగులుపడటం దండగ.

ఇదే లెక్క తిరగేస్తే మరో సంగతి తెలుస్తుంది. పత్తెం మొదలుపెట్టిన మొదటి వారంలో రెండు కిలోలు తగ్గి సంబరపడతారు చూశారా, అందులో ఎక్కువ భాగం నీరే. మూడో వారంలో ఆగిపోయిందనిపించేది నిజానికి అప్పుడే సరైన దారిలో పడిందన్నమాట.

బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. ఒకే మిషను మీద, పొద్దున్నే, మలమూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, తేలికైన బట్టలతో చూడండి. కిందటి నెల నూలు చీరలో, ఈ నెల పట్టుచీర, చెప్పులతో చూసుకుంటే ఆ తేడాకు మీ ఒళ్లు బాధ్యత వహించదు.

లెక్కలోకి రాని తిండి

“నేను తినేది చాలా తక్కువండీ” అని చెప్పేవారు నిజంగానే అలా నమ్ముతారు. న్యూయార్కులో పదిమంది ఇలాంటివారిని పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 1,200 కేలరీలకన్నా తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని వచ్చినవారు వీరు. కొలిచి చూస్తే వారి శరీరం ఖర్చు చేసే శక్తి మామూలుగానే ఉంది. తిన్నది మాత్రం వారు చెప్పినదానికి దాదాపు రెట్టింపు! చేసిన శ్రమను సగానికి సగం ఎక్కువ చేసి చెప్పారు. వారు అబద్ధాలకోరులు కారు. తిన్నదంతా గుర్తుండటం మనిషికి కష్టం, అంతే.

మన ఇళ్లలో ఇది ఎక్కడ జరుగుతుందో చూద్దాం. ముందుగా నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు వాడితే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. అరగంట నడకతో ఖర్చయ్యేది 100 నుంచి 150 మాత్రమే. ఎంత తింటున్నారో కొలవలేకపోయినా, నెలకు ఎన్ని ప్యాకెట్లు కత్తిరించారో కొలవడం సులువు. మూడుకు, తర్వాత రెండుకు తీసుకురండి. అన్నం కొలతలకన్నా ఈ ఒక్క లెక్క ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

తర్వాత చపాతీ. “రాత్రి అన్నం మాని చపాతీ తింటున్నాను” అంటారు. నూరు గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నంలో సుమారు 350 కేలరీలుంటాయి. చెంచాడు నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలలో 550 దాటవచ్చు. తగ్గించామనుకుని పెంచుకున్నట్టే కదా! రాగులు, కొర్రలు కూడా కేలరీల్లో ఇంచుమించు బియ్యంతో సమానమే. పీచు ఉంటుంది కాబట్టి మంచివే, కానీ ఎంత తిన్నా ఫరవాలేదని కాదు.

ఇక టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే చక్కెర ఒక్కటే 160 కేలరీలు. పాలు వేరే. ఇంటికి వచ్చినవారితో తాగిన టీ ఎవరి లెక్కలోనూ ఉండదు. తల్లుల సంగతి మరీ ప్రత్యేకం. పిల్లలు కంచంలో వదిలిన ముద్దలు, గిన్నె అడుగున మిగిలిన కూర, “పారేయడం ఎందుకు” అని నోట్లో వేసుకున్న గారె ఇవేవీ భోజనం కిందకు రావు. పారేయడం మనసొప్పదు, నిజమే. రేపటినుంచి ఒక గుప్పెడు తక్కువ వండితే ఆ చిక్కే ఉండదు.

కడుపు మాడ్చుకోవడం మాత్రం వద్దు. పగలంతా పస్తుండి సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగినవారు ఎందరో. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, కోడిగుడ్డు, ఆకుకూర, పల్చటి మజ్జిగ చేర్చండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఉపవాస ప్రార్థన రోజుల్లో అయినా, బరువు కోసం అయినా డాక్టరును అడగకుండా పస్తుండకూడదు. షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది.

శరీరం కూడా పొదుపు చేస్తుంది

కొంత తగ్గాక ఆగిపోవడం అందరికీ జరుగుతుంది. మామూలుగా ఆరు నెలల దగ్గర ఆగుతుంది. తిండి తగ్గితే శరీరం కరువు వచ్చిందనుకుని ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. అమెరికాలో టీవీ పోటీకోసం విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రకటించారు. చాలామంది మళ్లీ పెరిగారు. అయినా వారి శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉంది. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలకు దూరంగా ఉండమనేది ఇందుకే.

కాబట్టి ఆగిపోయినప్పుడు పెరగకుండా ఉంటే అది కూడా ఫలితమే. ఏమీ చేయకపోతే ఏటా కొంత పెరిగే వయసులో ఉన్నచోటే ఉన్నారంటే, మీ శ్రమ పనిచేస్తోందన్నమాట.

జబ్బులు, మందులు

మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించినా నడుము కొలత కూడా మారకపోతే వైద్యపరంగా చూడాలి. థైరాయిడ్ తక్కువగా ఉందేమో టి.ఎస్.హెచ్. పరీక్ష చెబుతుంది. అయితే థైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, ఇరవై కిలోలకు దాన్ని నిందించలేం. నెలసరి సరిగా రాని ఆడపిల్లలకు పీసీఓడీ చూడాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. ఇవి ప్రాణాధారమైన మందులు. మీ అంతట మీరు ఆపవద్దు, మార్చే వీలుంటే మేమే మారుస్తాం.

బరువు తగ్గించే ఇంజక్షన్ల గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. 2025లో మన దేశంలో కూడా ఇవి అమ్మకానికి వచ్చాయి. బాగా పనిచేస్తాయి, కానీ ఆపితే పోయిన బరువులో చాలాభాగం తిరిగి వస్తుంది. ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి.

ఇంట్లోవారికి ఒక మాట

ఒక్కరికి వేరే గిన్నెలో చప్పిడి కూర వండి, మిగతావారు ఎదురుగా కూర్చుని వేపుడు తింటే ఆ ఒక్కరు ఎన్నాళ్లు నిలబడగలరు? ఇంటిల్లిపాదికీ ఒకే కూర, తక్కువ నూనెతో వండండి. పిల్లలకూ మేలే. “ఇంత నడిచినా అలాగే ఉన్నావే” అనే హాస్యం మానండి. ఆ మాట విని నడక మానేసినవారిని మేము చూశాం. ప్రేమవిందులో, క్రిస్మస్ సమయంలో వద్దన్నవారికి బలవంతంగా కేకు వడ్డించకపోవడమూ ప్రేమే.

నోటు పుస్తకంలో ఏం రాయాలి?

బరువు ఒక్కటే రాయకండి. ఈ వారం ఎన్ని రోజులు నడిచారు, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు, రోజుకు ఎన్ని టీలు అనేవి రాయండి. ఇవి మీ చేతిలో ఉన్నవి. నెలకోసారి నడుము చుట్టుకొలత రాయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపు పెట్టి చూడాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. బి.పి., మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. కూడా రాసుకోండి. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం ఎలా ఉంది, బెల్టు ఏ రంధ్రానికి వచ్చింది, మోకాలి మాత్రలు ఎన్ని తగ్గాయి అనేవి కూడా రాస్తే మాకు ఎంతో ఉపయోగం.

రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే అది లావు కాదు, గుండెకు గానీ మూత్రపిండాలకు గానీ సంబంధించిన నీరు కావచ్చు. క్లినిక్కు రోజుదాకా ఆగకుండా వెంటనే రండి. మిగతావారు మామూలు రోజునే రండి. వచ్చేటప్పుడు నోటు పుస్తకంతోపాటు మీరు వాడుతున్న మందుల అట్టలన్నీ, ఎవరో ఇచ్చిన పేరులేని పొడులు, నాటు మాత్రలు సహా, సంచిలో వేసుకుని తీసుకురండి. కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి ఉండవచ్చు కాబట్టి వాటిని కూడా చూడవలసి ఉంటుంది.