నెల తప్పిన మాట ఎవరితో చెప్పాలి?: కౌమార గర్భధారణ నివారణ ప్రచారానికి రూపకల్పన

నగరంలో కౌమార గర్భధారణ నివారణకు ప్రచారం తలపెట్టేవారు మొదట తేల్చుకోవలసినది గోడపత్రంపై ఏ బొమ్మ వేయాలన్నది కాదు, దానిని చదవవలసిన బాలిక ఎవరన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల స్త్రీలలో 6.8 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. పట్టణ ప్రాంతాలలో ఇది 3.8 శాతం. సంఖ్య చిన్నదని నగరాలు నిశ్చింతగా ఉండే వీలు లేదు. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకముందే వివాహమైనవారు పట్టణాలలో సైతం 14.7 శాతం, మహారాష్ట్ర మొత్తానికి 21.9 శాతం. మన దేశంలో కౌమార గర్భధారణ అత్యధికంగా వివాహబంధంలోనే జరుగుతున్నది. కాబట్టి ప్రచారం ఇద్దరు బాలికలను దృష్టిలో ఉంచుకోవాలి. ఒకరు, చదువు మాన్పించి పెళ్లిచేసి పంపబోయే బాలిక. మరొకరు, పెళ్లి ప్రసక్తి లేకుండానే నెల తప్పి, ఎవరితో చెప్పాలో తెలియక రోజులు లెక్కపెట్టుకొంటున్న బాలిక. ఒకే వాక్యం ఇద్దరికీ పనికిరాదు.

భయపెడితే మానుతారన్నది చాలామందికి మొదట తోచే ఆలోచన. 2013లో న్యూయార్క్ నగరంలో ఏడుస్తున్న పసిపిల్లల బొమ్మలతో, తల్లిని నిందించే మాటలతో గోడపత్రాలు వెలిశాయి. అవి బాలికలను సిగ్గుపరుస్తున్నాయే గాని దారి చూపడం లేదని విమర్శకు గురయ్యాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మరొక ప్రయోగం జరిగింది. ఏడ్చే, పాలడిగే యంత్రపు బొమ్మపాపను వారాంతానికి బాలికల ఇళ్లకు పంపి, పిల్లల పెంపకం ఎంత కష్టమో చవిచూపించారు. 57 పాఠశాలలలో జరిగిన ఆ అధ్యయన ఫలితాలు 2016లో వెలువడినప్పుడు, బొమ్మను పెంచిన బాలికలలోనే గర్భధారణ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. భయం బాలికను ఆపదు. ఆపద వచ్చాక నోరు మాత్రం నొక్కుతుంది.

సోలాపూర్ వంటి నగరాన్ని తీసుకొంటే విషయం మరింత స్పష్టమవుతుంది. తరాల క్రితం తెలంగాణ జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు నగరపు తూర్పు భాగంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మగవారు మరమగ్గాలపై చాదర్లు, తువ్వాళ్లు నేయగా, ఆడవారు ఇళ్లలో బీడీలు చుడతారు. తునికాకును నానబెట్టి, కత్తిరించి, వెయ్యి బీడీల లెక్కన చుట్టి అప్పగించే ఈ పనిలో కూతుళ్ల చేతులూ కలుస్తాయి. బడి మానేసిన బాలిక ఈ చాట ముందే కూర్చొని ఉంటుంది. కాబట్టి పాఠశాలలలో మాత్రమే ప్రసంగాలు ఏర్పాటు చేసే ప్రచారం, ఎవరికి మాట అందడం అత్యవసరమో వారినే వదిలివేస్తుంది. బీడీలు అప్పగించే చోట తల్లులు నిలిచే వరుస, వీధి కుళాయి, శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం చూడవచ్చే జనసమూహం: ఇవీ ప్రచారానికి తగిన స్థలాలు. బాలికకంటె ముందు తల్లికీ మేనత్తకూ చెప్పవలసిన మాట ఒకటుంది. మేనరికం మాట అనుకొన్న ఇంట్లో కూడా పద్దెనిమిది నిండేవరకు ఆగితే సంబంధం చెడిపోదు. ఆగకపోతే మాత్రం బాలికకు ప్రసవకాలంలో గుర్రపువాతం, సూతికా జ్వరం వంటి ప్రమాదాలు, బిడ్డకు తక్కువ బరువు, నెలలు నిండని కాన్పు వంటి ముప్పులు ఎక్కువవుతాయి.

పద్దెనిమిది నిండి పెళ్లయిన యువతికి వేరే సమాచారం కావాలి. మొదటి కాన్పును రెండు మూడేళ్లు వాయిదా వేయడం తప్పు కాదని, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నిరోధ్, మాత్రలు, మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ సూదిమందు, వారానికి సంబంధించిన ‘ఛాయ’ మాత్ర ఉచితంగా లభిస్తాయని ఆమెకు తెలియాలి. ఆమెకే కాదు, భర్తకూ తెలియాలి. మగ్గం షెడ్డులో అతికించని గోడపత్రం ఈ విషయంలో సగం పనే చేస్తుంది.

ఇక మాటల సంగతి. ‘అవాంఛిత గర్భధారణ నివారణోపాయాలు’ అని శీర్షిక పెడితే అధికారులు మెచ్చవచ్చు. పదహారేళ్ల పిల్ల దాన్ని చదవకుండానే దాటిపోతుంది. సోలాపూర్ తెలుగింటి బాలిక ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడి మరాఠీదైతే నెలసరిని ‘పాళీ’ అనే అంటుంది. ‘నెల తప్పడం’, ‘కడుపుతో ఉండటం’ తల్లి నోట విన్న మాటలే. గోడపత్రంలో ఉండవలసినవి ఇవే. తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదవలేని పిల్లలు ఈ వీధులలో ఎందరో ఉన్నారు గనుక, అచ్చు కాగితం ఒక్కటే చాలదు. అదే తెలుగును గొంతుతో వినిపించే ఏర్పాటు కూడా అవసరం. ముద్రణకు ముందు ముసాయిదాను నలుగురైదుగురు బాలికలకు చదివి వినిపించి, వారు తడబడిన ప్రతి మాటనూ మార్చాలి. ఈ పనికి పట్టేది ఒక మధ్యాహ్నం. దాన్ని ఎగ్గొట్టి వేల ప్రతులు అచ్చువేయడం మాత్రం మామూలే.

అన్నిటికంటె జాగ్రత్త కోరేది గోప్యతను గూర్చిన వాగ్దానం. ‘మీ రహస్యం భద్రం’ అన్న వాక్యం ప్రచార రచయితలకు సులభంగా స్ఫురిస్తుంది. పద్దెనిమిది లోపు బాలిక విషయంలో అది పూర్తిగా నిజం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాలికపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. వైద్యునికీ ఇది తప్పదు. ఆ వయస్సులో ఆమె సమ్మతికి చట్టంలో విలువ లేదు. భార్య అయినా మినహాయింపు లేదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇది తెలిసిన బాలిక ఆసుపత్రికి వెళ్లక, నాటుమందుకో అర్హతలేని చేతికో చిక్కుతుంది. వారాలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. తెలియని బాలిక గోడపత్రాన్ని నమ్మి వచ్చి, పోలీసును చూసి, తాను మోసపోయాననుకొంటుంది. తరువాత ఆ వీధి నుండి మరెవరూ రారు.

దీనికి పాక్షికమైన పరిష్కారం 2022 సెప్టెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. గర్భవిచ్ఛిత్తి కోసం వచ్చిన మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, వైద్యుడు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనక్కరలేదు. మైనరుకు సంరక్షకుల వ్రాతపూర్వక సమ్మతి కావాలన్నది నిజమే. అయితే చట్టం దృష్టిలో సంరక్షకుడంటే బాలిక బాగోగులు చూసే వ్యక్తి; తండ్రే కానవసరం లేదు. ఈ రెండు సంగతులు తెలిస్తే భయంతో ఆగిపోయిన బాలిక ఒక మేనత్తనో అమ్మమ్మనో వెంటబెట్టుకొని రాగలుగుతుంది. నెలసరిని గురించో శరీరపు మార్పులను గురించో అడగవచ్చిన బాలిక విషయంలో ఎవరికీ తెలియజేయవలసిన పని లేదని కూడా స్పష్టంగా వ్రాయాలి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం క్రింద కౌమారులకు సలహా కేంద్రాలున్నాయి; మహారాష్ట్రలో వాటి పేరు ‘మైత్రి’. ఆ కేంద్రానికి వెళ్లే దారిలో పొరుగువారు కూర్చొనే అరుగు ఉంటే, ఎంత చక్కని గోడపత్రమైనా వ్యర్థం. ద్వారం ఏ వైపు, పని వేళలేవి, లోపల ఉన్నది స్త్రీయేనా, తెలుగు తెలిసినవారు ఏ రోజున ఉంటారు: ఇవి తేల్చుకొన్న తరువాతనే ముద్రణ. అప్పుడు గోడపై ఇంత మాత్రం చాలు:

“నెల తప్పిందా? ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకో, ఆలస్యం చేయకు. నువ్వు నమ్మే ఒక పెద్దామెను వెంట తీసుకురా. ఎవరికి ఏం చెప్పాలో, ఏం చెప్పనక్కరలేదో ముందే నీకు చెబుతాం. పెళ్లికి బలవంతం చేస్తున్నారా? 1098కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.”

ప్రచారం ముగిశాక అతికించిన పత్రాల సంఖ్యను నివేదికలో చూపడం తేలిక. లెక్కించవలసినవి వేరు: కేంద్రానికి వచ్చిన బాలికలెందరు, వారిలో నెల తప్పిన తొలి వారాలలోనే వచ్చినవారెందరు, ఒకసారి వచ్చి మళ్లీ వచ్చినవారెందరు, తోడుగా మరొక పిల్లను తీసుకువచ్చినవారెందరు.